26 మంది మీద కట్టిన కోట

కూలిన కోటల కథలు మనకు కొత్త కాదు. బొబ్బిలి కథ విన్నాం, పల్నాటి కథ విన్నాం. ఓడిపోయినవాళ్ల కోసం రాత్రంతా కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న జాతి మనది. ఇప్పుడు చెప్పబోయే కథలో కత్తులూ లేవు, పౌరుషాలూ లేవు. ఇందులో కూలింది ఒక వైద్య నియమం. కిడ్నీ మార్చే ముందు రోగి గుండె రక్తనాళాల్లో వెతకాలి, పూడిక కనిపిస్తే ముందే తీసేయాలి, ఆ తర్వాతే ఆపరేషన్ బల్ల ఎక్కించాలి అన్న నియమం.

సుమారు ముప్పై ఏళ్లు అది పెద్ద పెద్ద ఆసుపత్రులను ఏలింది. దయలోంచి పుట్టింది. తెలివైనవాళ్ల చేతుల్లో పెరిగింది. దాన్ని గట్టిగా పరీక్షకు నిలబెట్టడానికే ఒక తరం పట్టింది. ఆ తరంలో దాని గుమ్మం బయట ఎందరు ఆగిపోయారో, ఆగినచోటే ఎందరు కన్నుమూశారో సరైన లెక్క లేదు. ఈ గాథ వాళ్ల కోసం.

దాని పుట్టుక తెలియాలంటే అమెరికాలోని సియాటిల్ నగరానికి వెళ్లాలి. 1960కి ముందు డయాలసిస్ యంత్రం ఉండేది గానీ, దానికి రోగిని కలిపిన ప్రతిసారీ కొత్తగా ఒక ధమనినీ ఒక సిరనూ కోయాల్సి వచ్చేది. కొన్నిసార్లు కాగానే కోయడానికి చోటు మిగిలేది కాదు. కిడ్నీలు పూర్తిగా పోయినవాడికి రోజులు లెక్కపెట్టుకోవడమే మిగిలేది. బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతికి అమర్చి, దాన్ని అక్కడే ఉంచేయవచ్చని చూపించాడు. 1960 మార్చి 9న ఆ గొట్టం అమర్చుకున్న మొదటి మనిషి క్లైడ్ షీల్డ్స్, బోయింగ్ విమానాల కంపెనీలో మెషినిస్టు. వారాల్లో పోవలసిన మనిషి 11 ఏళ్లు బతికాడు. 1971లో పోయాడు. అతన్ని తీసుకుపోయింది గుండెపోటు.

1974లో స్క్రిబ్నర్ బృందం 39 మంది డయాలసిస్ రోగుల చరిత్రను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. యంత్రం మీద ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్ల రక్తనాళాలు వయసును మించిన వేగంతో గట్టిపడుతున్నాయని అందులో రాశారు. కిడ్నీ జబ్బు నుంచి తప్పించుకున్నవాళ్లు గుండె జబ్బుకు దొరికిపోతున్నారు.

ఇందులో వింత లేదు. కిడ్నీలు పనిచేయనప్పుడు బీపీ అదుపు తప్పుతుంది. ఆ ఒత్తిడికి గుండె ఎడమ గది గోడలు మందంగా తయారవుతాయి. భాస్వరం, కాల్షియం రక్తనాళాల గోడల్లో పేరుకుంటాయి. ఒక డయాలసిస్‌కీ మరో డయాలసిస్‌కీ మధ్య ఒంట్లో నీరు చేరుతుంది, యంత్రం ఎక్కగానే కొన్ని గంటల్లో దిగుతుంది. ఆ పోటూ ఆటూ గుండె మోయాలి. రక్తహీనత ఒకటి, దానికితోడు చాలామందికి షుగరు. ఇన్ని పడి వచ్చిన మనిషిని పెద్ద ఆపరేషన్‌కు ఎక్కించాలంటే ఏ డాక్టర్‌కైనా చేయి వణుకుతుంది. పైగా వచ్చే కిడ్నీ ఊరికే వచ్చేది కాదు. ఒక తల్లి తన ఒంట్లోంచి ఇచ్చేది, లేదా బిడ్డను పోగొట్టుకున్న ఒక కుటుంబం దుఃఖంలోనే సంతకం పెట్టి ఇచ్చేది. ఆ కిడ్నీ అందుకున్న మనిషి వారం తిరక్కుండా గుండెపోటుతో పోతే రెండు ఇళ్ల త్యాగం మట్టిలో కలిసినట్టే. ముందే చూడాలి, ముందే బాగుచేయాలి అన్న ఆలోచన ఈ భయంలోంచి వచ్చింది. ఆ భయం అబద్ధం కాదు.

భయం నియమంగా మారింది మిన్నెసోటాలో. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రి అవయవ మార్పిడికి పుట్టిల్లు లాంటిది. ప్రపంచంలో మొదటి పాంక్రియాస్ మార్పిడి 1966లో జరిగింది అక్కడే. షుగరున్న కిడ్నీ రోగులకు మార్పిడి చేయడానికి చాలాచోట్ల వెనకాడుతున్న రోజుల్లో ఆ డాక్టర్లు ముందుకొచ్చారు. అందుకే షుగరు రోగుల గుండెలు ఎలా ఆగిపోతాయో వాళ్లే దగ్గరగా చూశారు. మాన్స్కే అనే డాక్టర్ ఆధ్వర్యంలో ఒక బృందం ఇన్సులిన్ మీద ఆధారపడిన 151 మంది కిడ్నీ రోగులకు గుండె రక్తనాళాలు పరీక్షించింది. తీవ్రమైన పూడికలుండి, ఛాతీనొప్పి పెద్దగా లేనివాళ్లలో 26 మంది అధ్యయనానికి ఒప్పుకున్నారు. 13 మందికి బైపాస్ గానీ బెలూన్ యాంజియోప్లాస్టీ గానీ చేశారు. 13 మందికి మందులిచ్చారు.

ఏడాది నిండకముందే తేడా బయటపడింది. మందుల మీద ఉన్న 13 మందిలో 10 మంది గుండె సంబంధమైన పెద్ద ఆపదలో పడ్డారు, నలుగురు గుండెపోటుతో చనిపోయారు. పూడికలు తీసిన 13 మందిలో ఆపద వచ్చింది ఇద్దరికే. ఇంకా కొనసాగిస్తే అన్యాయమని అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 1992లో లాన్సెట్ పత్రికలో అది అచ్చయింది.

ఆ డాక్టర్ల నిజాయితీని శంకించే పని లేదు. కళ్లముందు మనుషులు పోతుంటే వాళ్లు చేయగలిగిందే చేశారు. బలహీనత ఆ తర్వాత దాన్ని చదివినవాళ్ల చదువులో ఉంది. 26 మంది ఒక చిన్న పల్లె బస్సులో పట్టేంత మంది. ఇటు ఇద్దరు అటు జరిగితే లెక్క మారిపోతుంది. మందులు అన్నామే, ఆ మందులు కూడా ఆనాటివి: ఆస్పిరిన్, ఒక కాల్షియం చానల్ బ్లాకర్. కొవ్వు తగ్గించే స్టాటిన్లు గుండె రోగుల ప్రాణాలు కాపాడతాయని రుజువు చేసిన స్కాండినేవియా అధ్యయనం 1994లో గానీ రాలేదు. అంటే బాగా చేసిన ఆపరేషన్‌ను సగం ఆయుధాలతో దిగిన మందులతో పోల్చారు. మళ్లీ చేసి చూడాల్సింది. పెద్ద ఎత్తున, కొత్త మందులతో చేయాల్సింది. ఎవరూ చేయలేదు. జవాబు తెలిసిపోయిందని అందరూ అనుకున్న ప్రశ్న మీద డబ్బూ కాలమూ పెట్టేవాళ్లు దొరకరు. ఆ 26 మంది మీదే కోట లేచింది.

దాని ఏలుబడి ఎలా సాగిందో చెప్పుకుందాం. 2005లో అమెరికా కిడ్నీ ఫౌండేషన్ మార్గదర్శకాలు వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్న షుగరు రోగికి ఏడాదికోసారి, గుండె ముప్పు ఎక్కువున్న మిగతావాళ్లకు రెండేళ్లకోసారి, తక్కువున్నవాళ్లకు మూడేళ్లకోసారి గుండె పరీక్ష చేయాలన్నాయి. రోగికి ఛాతీనొప్పి లేకపోయినా, ఆయాసం లేకపోయినా తిథి వచ్చిందంటే పరీక్ష చేయాల్సిందే.

ట్రెడ్‌మిల్ ఎక్కించి చూద్దామంటే డయాలసిస్ రోగి కాళ్లకు అంత సత్తువ ఉండదు. అందుకని డొబ్యుటమిన్ అనే మందు నరంలోకి ఎక్కించి గుండెను పరిగెత్తించి ఎకో తీస్తారు. లేదా రేడియోధార్మిక మందు ఎక్కించి గుండె కండరానికి రక్తం అందుతోందో లేదో స్కాన్ చేస్తారు. 2011లో కోక్రేన్ సమీక్ష కిడ్నీ మార్పిడి రోగుల్లో ఈ రెండు పరీక్షల సత్తా తూచింది. పూడికలున్న వందమందిలో డొబ్యుటమిన్ ఎకో పట్టుకోగలిగింది 79 మందినే, స్కాన్ 74 మందినే. పూడికలు లేని వందమందిలో స్కాన్ 30 మందిని ఉన్నవాళ్ల కిందే జమకట్టింది. ఉన్నవాళ్లలో అయిదో వంతు తప్పించుకుపోతారు, లేనివాళ్లు ఇరుక్కుంటారు.

ఇరుక్కున్నవాడి దారి చూడండి. పరీక్షలో అనుమానం వచ్చింది, యాంజియో అన్నారు. యాంజియోలో వాడే రంగు మందు మిగిలిన కాస్త కిడ్నీని కూడా తినేస్తుందేమోనన్న భయంతో కొన్ని నెలలు గడిచాయి. తర్వాత యాంజియో చేశారు, ఒక నాళంలో పూడిక ఉంది, స్టెంటు వేశారు. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మందులు ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆపకుండా వాడాలి. అవి వాడుతున్నంతకాలం పెద్ద ఆపరేషన్‌కు సర్జన్ జంకుతాడు. పేరు లిస్ట్‌లోనే ఉంటుంది గానీ పక్కకు జరుగుతుంది. ఈలోగా కిడ్నీ వస్తే వెనకవాడికి పోతుంది. ఈలోగా డయాలసిస్ కోసం చేతిలో చేసిన ఫిస్టులా మూసుకుపోవచ్చు, మెడలో పెట్టిన గొట్టానికి ఇన్ఫెక్షన్ రావచ్చు. కిడ్నీ ఇస్తానన్న అమ్మకు బీపీ మొదలుకావచ్చు, షుగరు బయటపడవచ్చు. మందుల గడువు తీరేసరికి మళ్లీ గుండె పరీక్షకు తిథి వస్తుంది.

ఇక్కడే ఈ కథలోని అసలు దుఃఖం ఉంది. 1999లో వోల్ఫ్ అనే పరిశోధకుడి బృందం అమెరికా డయాలసిస్ రోగుల లెక్కలన్నీ తీసి, లిస్ట్‌లో ఎదురుచూస్తున్నవాళ్లనూ కిడ్నీ అందుకున్నవాళ్లనూ పోల్చింది. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో మరణ ముప్పు ఎదురుచూసేవాళ్లకంటే 2.8 రెట్లు. ఆపరేషన్ అంటే అంతే మరి. మూడున్నర నెలలకు రెండు వర్గాలూ సమానం. ఆ తర్వాత, దీర్ఘకాలంలో చూస్తే కిడ్నీ అందినవాళ్లకు మరణ ముప్పు 68 శాతం తక్కువ. బీపీ, భాస్వరం, నీరు, రక్తహీనత, అంటే ఇందాక చెప్పుకున్న శత్రువులన్నిటినీ ఒక్కసారిగా వెనక్కి నెట్టేది కొత్త కిడ్నీయే. డయాలసిస్ రోగి గుండెకు అంతకు మించిన మందు మన దగ్గర లేదు. ఆ మందు ఇవ్వడానికి ముందు గుండె బాగుండాలని షరతు పెట్టాం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతకు ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇదే కాలంలో ఇదే నమ్మకం మీద నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నగరంలో మరో మనిషి ఎత్తుకు ఎదిగాడు. డాన్ పోల్డర్‌మాన్స్. ఎరాస్మస్ వైద్య కేంద్రంలో ప్రొఫెసర్. గుండె జబ్బున్నవాళ్లకు గుండెతో సంబంధం లేని పెద్ద ఆపరేషన్లు చేయాల్సి వస్తే ముప్పు ఎలా అంచనా వేయాలి, ఎలా తగ్గించాలి అన్న విషయంలో యూరప్‌లో ఆయన మాట వేదం. డొబ్యుటమిన్ ఎకో ఆయన చేతి పనిముట్టు. 1999లో ఆయన బృందం రక్తనాళాల ఆపరేషన్‌కు వచ్చినవాళ్లలో ఆ పరీక్షలో ముప్పు తేలిన 112 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇచ్చింది. మందు లేనివాళ్లలో 34 శాతం మందికి మరణమో గుండెపోటో వస్తే, ఇచ్చినవాళ్లలో 3.4 శాతం మందికే వచ్చింది. పదో వంతు! ఏ మందూ అంత అద్భుతం చేయదు. అద్భుతాన్ని చూసి అనుమానించాల్సిన చోట లోకం చేతులు జోడించింది. 2009లో యూరప్ హృద్రోగ సంఘం ఆపరేషన్ ముందు గుండె జాగ్రత్తలపై మార్గదర్శకాలు రాస్తే, వాటిని రాసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే.

2011 నవంబర్‌లో ఎరాస్మస్ ఆయన్ను ఉద్యోగం నుంచి తొలగించింది. రోగుల లిఖితపూర్వక అనుమతి లేకుండా సమాచారం వాడారని, నమ్మదగని సమాచారాన్ని పరిశోధనగా సమర్పించారని విచారణ తేల్చింది. 1999 తర్వాత అదే వరసలో వచ్చిన అధ్యయనాలను మరో విచారణ సంఘం తవ్వింది. కావాలని చేసింది కాదని పోల్డర్‌మాన్స్ అన్నాడు. మనిషి పతనం అక్కడితో అయిపోయింది. ఆయన మాట నమ్మి మందు ఇచ్చిన ఆసుపత్రుల సంగతి అంత తేలిగ్గా అయిపోలేదు.

అప్పటికే 2008లో పాయిజ్ అనే అధ్యయనం వచ్చి ఉంది. 23 దేశాల్లో 8,351 మంది మీద చేసింది. ఆపరేషన్ ముందు బీటా బ్లాకర్ మొదలుపెడితే ప్రతి వెయ్యిమందిలో 15 గుండెపోట్లు తగ్గాయి. మరణాలు మాత్రం 8 పెరిగాయి, పక్షవాతాలు 5 పెరిగాయి. రాటర్‌డామ్ అంకెలు పక్కనపెట్టి మిగతా నమ్మదగిన అధ్యయనాలను లండన్ పరిశోధకులు కూడి చూస్తే, ఆపరేషన్ ముందు ఆ మందు కొత్తగా మొదలుపెట్టడం వల్ల మరణాలు 27 శాతం పెరిగినట్టు తేలింది. ముందే చూశాం, ముందే అణిచాం అనుకున్న చోట మనుషులు పోయారు.

కర్ణుడి చావుకు నూరు కారణాలంటారు. మన నియమం చావుకూ అంతే. మొదటి బాణం 2004లో వచ్చింది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో మెక్‌ఫాల్స్ బృందం రక్తనాళాల ఆపరేషన్ కావలసిన 510 మందిని తీసుకుంది. అందరికీ గుండె నాళాల్లో పూడికలున్నాయి. సగం మందికి బైపాసో స్టెంటో చేసి అసలు ఆపరేషన్‌కు పంపారు, సగం మందిని నేరుగా పంపారు. నేరుగా వెళ్లినవాళ్లు 18 రోజుల్లో ఆపరేషన్ చేయించుకున్నారు. పూడికలు తీయించుకున్నవాళ్లకు 54 రోజులు పట్టింది. రెండేళ్ల ఎనిమిది నెలల తర్వాత చూస్తే మరణాలు ఒకవైపు 22 శాతం, ఒకవైపు 23 శాతం. ఆలస్యం తప్ప దక్కింది లేదు.

అది కిడ్నీ రోగుల మీద చేసింది కాదు కదా, మా రోగులు వేరు, మాకు మిన్నెసోటా ఉంది అన్నారు మార్పిడి డాక్టర్లు. నిజమే, గుండె మీద జరిగిన పెద్ద పెద్ద అధ్యయనాలు చాలావరకు కిడ్నీ చెడినవాళ్లను గడప తొక్కనివ్వలేదు. గుండె జబ్బుతో ఎక్కువగా చచ్చిపోయేవాళ్లే గుండె పరిశోధనల్లో కనిపించరు. ఈ లోటు తీరేసరికి 2020 వచ్చింది.

ఆ ఏడాది శ్రీపాల్ బెంగళూర్, జూడిత్ హాక్‌మన్ తదితరులు నడిపిన ఇస్కీమియా-సీకేడీ అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. 30 దేశాల్లో 777 మంది. కిడ్నీలు బాగా చెడినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు. అందరికీ గుండె పరీక్షలో మోస్తరు నుంచి తీవ్రమైన లోపం కనిపించింది. సగం మందికి యాంజియో చేసి అవసరమైతే పూడికలు తీశారు, సగం మందికి ఈనాటి మంచి మందులిచ్చారు. మూడేళ్లలో మరణం లేదా గుండెపోటు వచ్చింది యాంజియో వర్గంలో 36.4 శాతం మందికి, మందుల వర్గంలో 36.7 శాతం మందికి. తేడా లేదు. యాంజియో వర్గంలో పక్షవాతాలు ఎక్కువ. డయాలసిస్ మొదలుకావడమో మరణమో కూడా ఎక్కువే. ఇంకో సంగతి: పరీక్షలో లోపం ఉందన్న మాట మీద యాంజియో చేస్తే సుమారు నాలుగో వంతు మందికి అడ్డుపడే పూడికలే లేవు.

ఆ 777 మందిలో 194 మంది కిడ్నీ మార్పిడి లిస్ట్‌లో ఉన్నవాళ్లు. వాళ్లను విడిగా లెక్కకట్టారు. వాళ్లకూ లాభం కనిపించలేదు. మిన్నెసోటాలో 26 మంది చెప్పిన మాటను ఏడు రెట్లకు పైగా మంది కాదన్నారు.

మరుసటి ఏడాది బ్రిటన్ నుంచి మరో లెక్క వచ్చింది. 18 కేంద్రాల్లో కిడ్నీ మార్పిడి అయిన 2,572 మందిని చూశారు. కొన్ని కేంద్రాలు నూటికి అయిదుగురికే ముందు గుండె పరీక్ష చేశాయి, కొన్ని నూటికి నూరుమందికీ చేశాయి. ఒకే దేశం, ఒకే ప్రభుత్వ వైద్యం, ఒకే జబ్బు. పరీక్ష చేసినచోటా చేయనిచోటా మార్పిడి తర్వాత వచ్చిన గుండె ఆపదల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి 90 రోజుల్లో అలాంటి పెద్ద ఆపద వచ్చింది మొత్తం మీద నూటికి ఒక్కరికి కూడా కాదు. 2022లో అమెరికా హార్ట్ అసోసియేషన్ కొత్త ప్రకటన రాసింది. లక్షణాలు లేనివాళ్లందరినీ వరసబెట్టి వెతికే పాత పద్ధతి దానిలో బాగా వెనక్కి తగ్గింది. కోట కూలింది. డప్పు కొట్టి చెప్పినవాళ్లు లేరు.

ఎందుకు కూలిందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. పరీక్షల్లో కనిపించేది ఏళ్ల తరబడి గట్టిపడి నాళాన్ని ఇరుకు చేసిన పూడిక. ఆపరేషన్ సమయంలో గుండెపోటు తరచుగా వచ్చేది వేరే దారుల్లో. నాళాన్ని అంతగా ఇరుకు చేయని మెత్తని కొవ్వు పొర పగిలి దాని మీద రక్తం గడ్డకట్టడం ఒక దారి. బీపీ పడిపోయి, రక్తం తగ్గి, గుండె వేగం పెరిగి, మందంగా తయారైన కండరానికి కావలసినంత ప్రాణవాయువు అందకపోవడం మరో దారి. ఒక ఇరుకు చోట స్టెంటు వేస్తే ఈ రెండు దారులూ మూసుకుపోవు. పైగా డయాలసిస్ రోగుల్లో గుండె మరణాలు చాలావరకు లయ తప్పి హఠాత్తుగా వచ్చేవి. వాటికి పొటాషియం, నీరు, మందమైన గుండె గోడలు కారణం. మనం కనిపించే శత్రువును వెతికి కొట్టాం, చంపేవాడు మరో వైపు నుంచి వచ్చాడు.

మన ఊళ్లలో ఈ కథకు వేరే బరువుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటికీ కిడ్నీ రోగి ఉన్న పల్లెలున్నాయి. జబ్బుకు కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ షుగరుతో కిడ్నీలు పోయేవాళ్లకు కొదవ లేదు. ఆరోగ్యశ్రీ వచ్చాక డయాలసిస్ పేదవాడికీ అందింది. జీవన్‌దాన్ వచ్చాక బ్రెయిన్‌డెడ్ దాతల కిడ్నీలకు ఒక వరస ఏర్పడింది. అయినా ఈ దేశంలో ఎక్కువ కిడ్నీలు బతికున్న బంధువులిచ్చేవే, ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తల్లో భార్యో సిద్ధంగా ఉన్నా "గుండె ఫిట్‌నెస్ రాలేదు" అన్న ఒక్క మాట మీద నెలలు గడిచిపోతాయి. నెలకు పన్నెండు పదమూడు సార్లు బస్సెక్కి డయాలసిస్‌కు వెళ్లొచ్చే కూలి మనిషికి ఆ నెలలంటే పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల కూలి, ఆ పైన అప్పు. యాంజియోకీ స్టెంటుకీ అమ్మిన కుంచం పొలం మార్పిడి తర్వాత జీవితాంతం వాడాల్సిన మందులకు మిగలదు. మందులు మానేస్తే వచ్చిన కిడ్నీ పోతుంది. అమెరికాలో ఆలస్యం లిస్ట్‌లో చోటును తింటే, ఇక్కడ ఇంటినే తినేస్తుంది.

కోట కూలింది కాబట్టి గుండెను చూడనక్కర్లేదనుకుంటే అది మరో పొరపాటు. ఇస్కీమియా-సీకేడీలో ఛాతీనొప్పి అదుపులో లేనివాళ్లను, ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లను, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను తీసుకోలేదు. వాళ్లకు ఆ ఫలితాలు వర్తించవు. నడిస్తే ఛాతీ పట్టేస్తోందన్నవాడికి, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తోందన్నవాడికి పూర్తి పరీక్షలు కావాలి. మామూలు ఎకో ప్రతి ఒక్కరికీ కావాలి. గుండె కవాటాలు ఇరుకైనా, పంపింగ్ తగ్గినా, ఊపిరితిత్తుల రక్తపీడనం పెరిగినా మత్తు డాక్టర్‌కు ముందే తెలియాలి.

కాలేయ మార్పిడి సంగతి మరీ వేరు. కొత్త కాలేయంలోకి రక్తం వదిలిన నిమిషంలో గుండె మీద పడే భారం కిడ్నీ మార్పిడిలో ఉండదు. సిర్రోసిస్ రోగి గుండె విశ్రాంతిలో చురుగ్గానే కనిపించి ఆ భారం పడ్డప్పుడు చతికిలబడవచ్చు. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం 50 మి.మీ. పాదరసం దాటితే కాలేయ మార్పిడి చేయకూడదు, చేస్తే రోగి దక్కడం చాలా కష్టం. అక్కడ ముందు చూడటం నిజంగా ప్రాణం నిలుపుతుంది. ఎందుకంటే అక్కడ చూసినదాన్ని బట్టి చేసే పని మారుతుంది.

తేడా అంతా అందులోనే ఉంది. పరీక్షకు విలువ వచ్చేది అది చూపించినదానితో కాదు, చూశాక రోగికి చేయగలిగిన మేలుతో. ముప్పై ఏళ్లు ఆ రెండో సగం అడగలేదు. దయ ఉంది, తెలివి ఉంది, యంత్రాలున్నాయి. రుజువు మాత్రం 26 మంది దగ్గర ఆగిపోయింది. ఈ పతనానికి విలన్ లేడు. అదే దీన్ని మరింత విషాదం చేస్తోంది.

కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ ఒక మాట. లక్షణాలు దాచకండి, ఎక్కడ తిరస్కరిస్తారోనన్న భయంతో ఆయాసాన్ని వయసు మీదకు నెట్టకండి. పొగ మానండి, బీపీ, షుగరు, నీటి కొలత పాటించండి, స్టాటిన్, ఆస్పిరిన్ డాక్టర్ రాస్తే వేసుకోండి. గుండె పరీక్ష రాసినప్పుడు మాత్రం మర్యాదగా అడగండి: "డాక్టర్ గారూ, ఇందులో ఏం తేలితే నా వైద్యంలో ఏం మారుతుంది? దీనికోసం మార్పిడి ఎన్నాళ్లు ఆగుతుంది?" మంచి డాక్టర్ ఆ ప్రశ్నకు కోప్పడడు.

మార్పిడి కేంద్రాలకు ఒక విన్నపం. గుండె కారణంగా ఎవరిని ఆపారో, ఏ పరీక్ష మీద ఆపారో, ఎన్ని నెలలు ఆపారో, ఆ నెలల్లో వాళ్లు ఏమయ్యారో రాసి పెట్టండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఏటా వాటిని బయటపెట్టండి. పోయినవాళ్లకు లెక్క లేకుండా పోవడం వల్లే ఈ నియమం అన్నేళ్లు నిలిచింది.